విదేశీ విపణిలో మావోరి కళ: ప్రామాణిక ముద్ర, పరిమితులు

మావోరి హస్తకళల విదేశీ విక్రయాన్ని తరచుగా అసలు, నకిలీల సమస్యగా చర్చిస్తుంటారు. నకిలీని అరికడితే కళాకారునికి న్యాయం జరుగుతుందన్నది ఈ చర్చకు ఆధారమైన భావన. అది అసత్యం కాదు గాని, అసంపూర్ణం.

మెడలో ధరించే ‘హేయ్ తికీ’ ఇందుకు తగిన ఉదాహరణ. ‘పౌనము’ అనే పచ్చరాతిలో చెక్కే ఈ మానవాకృతి తరతరాలుగా చేతులు మారుతూ, దానిని ధరించిన పూర్వికుల స్మృతిని నిలుపుతుంది. అటువంటి వస్తువును మావోరీలు ‘తవోంగ’, అంటే వంశానుగత నిధి, అంటారు. పందొమ్మిదో శతాబ్ది చివరినాటికే జర్మనీలోని ఈడార్-ఓబర్‌స్టైన్ శిల్పులు న్యూజిలాండ్ రాతితో తికీలను చెక్కి వ్యాపారం సాగించారు. అక్కడ రాయి అసలైనదే, లోపించినది వంశసంబంధం. కాబట్టి పదార్థం ఒక్కటే ప్రామాణికతకు ప్రమాణం కాజాలదు.

2002లో వచ్చిన ‘తోయ్ ఇహో’ వాణిజ్య ముద్ర పదార్థాన్ని కాక కర్తను ప్రమాణంగా స్వీకరించింది. మావోరి వంశీకుడైన కళాకారుడు నాణ్యతతో చేసిన కృతికే ఆ ముద్ర లభిస్తుంది. అయితే, అమ్మకాలు ఆశించినట్లు పెరగలేదన్న కారణంతో 2009లో ప్రభుత్వ కళాసంస్థ క్రియేటివ్ న్యూజిలాండ్ దాని నుంచి వైదొలగింది. అనంతరం మావోరి కళాకారులే దాని నిర్వహణను చేపట్టారు. సంస్థ ఆ ముద్రను విక్రయ సాధనంగా తూచింది; కళాకారులు దానిని తమ గుర్తింపుపై తమకు గల అధికారంగా భావించినట్లు ఈ పరిణామం సూచిస్తుంది.

ఆ అధికారానికీ హద్దులున్నాయి. ముద్ర కొనుగోలుదారునికి కర్తను చూపగలదు. ముద్ర లేనివారు అదే ఆకృతిని వాడుకోకుండా ఆపలేదు. కాపీహక్కు చట్టం వ్యక్తిని, నిర్ణీత కాలాన్ని మాత్రమే గుర్తిస్తుంది. తెగ ఉమ్మడిగా కాపాడుకొనే పురాతన ఆకృతికి ఆ రెండూ సరిపడవు. 1991లో దాఖలైన ‘వై 262’ దావాపై వైతాంగి ట్రైబ్యునల్ 2011లో వెలువరించిన నివేదిక ఈ వెలితిని గుర్తించి, యాజమాన్యానికి బదులు ‘కైతియాకి’ల, అంటే సంరక్షకుల, బాధ్యతను ముందుకు తెచ్చింది. తవోంగ కృతులను వాణిజ్యానికి వాడేటప్పుడు సంరక్షకుల ప్రమేయం ఉండాలన్నది దాని సారాంశం.

ఈ భావన విలువైనదే. కాని న్యూజిలాండ్ చట్టం ఆ దేశపు సరిహద్దు వద్ద ఆగిపోతుంది. తికీ ఆకృతి ఆగదు. అలాగని విక్రయమే తప్పనడం, చెక్కడమే జీవికగా గల శిల్పికి అన్యాయం చేయడమే. విక్రయానికై చేసిన వస్తువుపై హక్కు కొనుగోలుదారునికి చెందవచ్చు; ఆకృతిపై సంరక్షణాధికారం మాత్రం దానితో బదిలీ కాదు. ఈ భేదాన్ని అంతర్జాతీయ ఒప్పందాలు గుర్తించనంతవరకు ప్రామాణిక ముద్ర అందించే రక్షణ పాక్షికంగానే మిగులుతుంది.