కారు గడప మీద గీత

ఇంటి గడపకు పసుపు రాసి బొట్టు పెడతాం. దాన్ని తొక్కితే మా అమ్మ ఊరుకునేది కాదు. కారు గడపకు ఆ మర్యాద లేదు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ బూట్లు ఈడ్చుకుంటూ పోవడమే. మా కారు వెనక తలుపు కింద స్టీలు పట్టీ మీద జానెడు గీత ఏటవాలుగా పడింది. బూటును అనడానికి లేదు. గ్యాస్ సిలిండరు ఎక్కిస్తూ గీసింది నేనే.

ఆ గీతను నేనే రుద్ది పోగొడదామనుకుని, చెయ్యి అలవాటు కావాలని ముందు గేరు చుట్టూ ఉన్న మెరుపు ఉంగరాన్ని పట్టుకున్నాను. వాటర్ పేపరుతో నాలుగు సార్లు రుద్దానో లేదో, తెల్లటి మెరుపు పోయి అడుగున లేత పసుపు తేలింది. అది నికెల్. దాని కింద రాగి, అన్నిటికీ కింద ప్లాస్టిక్. కార్లలో మనం లోహమని మురిసిపోయే వాటిలో చాలా భాగం ఇదే సరుకు. పైనున్న క్రోమియం పూత మామూలుగా అర మైక్రాన్ మందం కూడా దాటదు. ఇక రుద్దడానికేముంది అక్కడ?

బుద్ధొచ్చి, బెజవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన పట్టీకి అడ్డంగా గోరు పెట్టి లాగాడు.

“గోరు ఆగట్లేదు. వచ్చేస్తదండీ.”

చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, అరిగిపోయిన స్కాచ్‌బ్రైట్ ముక్కను చెక్కకు చుట్టాడు.

“గిన్నెలు తోమేదేగా బాబాయ్?”

“అదేనండి. కొత్తదైతే కరుకెక్కువ, అరిగిందే మేలు. స్టీలు పీచు మాత్రం పెట్టకండి. దాని ఇనప రజను దిగబడి తుప్పు మరకలొస్తాయి.”

పట్టీ నిండా వెంట్రుకల్లాంటి సన్న గీతలు పొడవునా ఉన్నాయి. ఆయన చెయ్యి ఈ చివర మొదలై ఆ చివరిదాకా ఒకే ఒరవడిలో సాగేది. అక్కడ పైకి లేచి, మళ్లీ ఈ చివరికే వచ్చేది. వెనక్కి రుద్దడం, గుండ్రంగా తిప్పడం లేదు. నా గీతను చెరిపేస్తున్నాడనే అనుకున్నాను. తీరా చూస్తే వేల కొత్త గీతలు పెడుతున్నాడు! జాతరలో దొంగ కలిసిపోయినట్టు నాది వాటిలో కలిసిపోయింది.

స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి ఈ పని చెల్లింది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉండే లోహమది. రుద్దినచోట గాలి తగిలితే చాలు, తుప్పును ఆపే పొరను తానే కట్టుకుంటుంది. ఆనొడైజ్ చేసిన అల్యూమినియం పట్టీ అయితే ముట్టుకోనన్నాడాయన. ఆమ్లంలో కరెంటు పెట్టి ఎక్కించిన పొర అది, రుద్ది పోగొట్టుకుంటే తిరిగి రాదు.

గడప ఇప్పుడు బాగుంది, ఎండ ఏటవాలుగా పడినప్పుడు తప్ప. గేరు ఉంగరం మాత్రం పసుపు మచ్చతోనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే నా బొటనవేలు నేరుగా అక్కడికే పోతుంది.