పావుగంటల మెట్లు

అమెరికాలోని యూటా రాష్ట్రం కేంద్రంగా నడిచే ఇంటర్‌మౌంటెన్ హెల్త్‌కేర్‌కు 2018 నాటికి 23 ఆసుపత్రులున్నాయి. మార్క్ హారిసన్ సీఈఓగా ఉన్న ఆ రోజుల్లో, అన్నిచోట్లా ముఖ్యమైన ఇబ్బందులేమిటో పొద్దున పదింటికి పైస్థాయి అధికారులు కలుసుకునేసరికి వాళ్ల ముందుండేవి. దానికోసం అమర్చుకున్న సమావేశాల వరసను విడదీసి చూస్తే ముచ్చటేస్తుంది.

మొదటి మెట్టు 8:45కి. రోగుల దగ్గర పనిచేసే సిబ్బంది, వాళ్ల మేనేజరు కలిసి పావుగంట మాట్లాడుకుంటారు. ఎవరికైనా హాని జరిగిందా? త్రుటిలో తప్పిందా? ఈ పూటకు చాలినంతమంది ఉన్నారా? తొమ్మిదింటికి ఆ మేనేజర్లు తమ పైవారితో కలుస్తారు. ఆపైన మళ్లీ పావుగంటకో మెట్టు. మొత్తం ఆరు.

పనితనమంతా కీళ్లలో ఉంది. కింది మెట్టు నడిపిన మనిషే పై మెట్టులో సభ్యుడు. వార్డు మాట కాగితం మీద కాకుండా, అది చెవిన పడ్డ మనిషి నోటితోనే పైకి వెళ్తుంది. పై మెట్టు కింది మెట్టు ముగిసే వేళకే మొదలవుతుంది కాబట్టి మాట చల్లారదు. కట్టుబడి దగ్గర ఇటుకలు చేతులు మారుతూ పై అంతస్తుకు ఎక్కినట్టే.

అన్ని మాటలూ పైకి వెళ్లవు. మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు ఒక్కటే పాడైతే వార్డులోనే మార్చుకుంటారు. అదే రకం పంపులు నాలుగు వార్డుల్లో మొరాయిస్తే, ఆ సంగతి నాలుగు వార్డులనూ ఒకేచోట వినే మెట్టుకే తెలుస్తుంది. 2017లో మరియా తుఫాను ప్యూర్టోరికోలోని ఫ్యాక్టరీలను దెబ్బతీశాక అమెరికాలో చిన్న సెలైన్ సంచులకు కరువొచ్చింది. అలాంటి కొరతను ఏ వార్డూ సొంతంగా తీర్చుకోలేదు. ఉన్న నిల్వను ఆసుపత్రుల మధ్య సర్దగలిగేది అందరికంటే పైనున్న మెట్టే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ పావుగంట. ఒక అధికారి కింద పదిమంది ఉంటే మనిషికి ఒకటిన్నర నిమిషం దక్కుతుంది. నలభైమంది ఉంటే సగం మంది నోరు విప్పకుండానే సమయం అయిపోతుంది. ఎవరి కింద ఎందరుండాలన్న లెక్క సరిగా లేని సంస్థలో ఇదే గడియారం పెట్టినా పనిచేయదు. సాధారణంగా అంతస్తులు పెరిగే కొద్దీ కబురు ఆలస్యమవుతుంది, దారిలో సగం జారిపోతుంది. ఇక్కడ ఆ అంతస్తులనే కబురు మోసే దారిగా మలిచారు.

పైన తీసుకున్న నిర్ణయం అదే మనుషుల ద్వారా కిందికి దిగాలి. పంపు సంగతి ఎత్తిన నర్సుకు జవాబు చెప్పాల్సింది ఆమె మేనేజరే. ఆ జవాబు రాకపోతే, మరో పొద్దున ఆమె ఆ మాట ఎత్తకపోవచ్చు.