పెద్దదానికి చిన్న తోడు

గినీ పిగ్‌లు పెంచేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: జంటలో ఒకటి పోయింది, మిగిలింది ముసలిది, దానికి మళ్లీ తోడు తేవాలా, లేక ఉన్నన్నాళ్లు మనమే చూసుకుంటే చాలా అని. తేవాలనే అంటాను. మనం ఎంత ముద్దు చేసినా దాని భాషలో దానికి బదులు పలకలేం. పెరూ, బొలీవియా కొండల్లో వేల ఏళ్ల కిందట మచ్చికైన ఈ జీవి గుంపులో పుట్టి గుంపులోనే బతుకుతుంది. స్విట్జర్లాండ్‌లో 2008లో వచ్చిన నిబంధనల ప్రకారం దీన్ని ఒంటరిగా పెంచకూడదు. అలాంటి నియమం మనకూ ఉంటే బాగుండునని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మా బెల్లానికి ఐదేళ్లు. జోడీ పోయాక గూడు వదిలి రావడమే తగ్గించేసింది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, కీచుకీచుమని ఇల్లంతా మోగించేది, అదీ మానేసింది. అందుకే కొబ్బరిని తెచ్చాం. రెండు నెలల పిల్ల, ఒళ్లంతా తెలుపు.

తెచ్చిన రోజే కలిపేయకూడదు. గజ్జి పురుగులు, తామర, జలుబు లాంటివి వెంటనే బయటపడవు కాబట్టి కొత్తదాన్ని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచాలి. ముందు పెద్దదాని పనులు చూసి, ఆ తర్వాతే చిన్నదాన్ని ముట్టుకోవాలి. ఆడో మగో డాక్టరు చేత చూపించుకోవాలి, దుకాణం వాళ్ల మాట చాలదు. మగపిల్లకు మూడు వారాలకే పిల్లల్ని పుట్టించే శక్తి వస్తుంది. ఎప్పుడూ ఈనని ముసలి ఆడదానికి చూలు నిలిస్తే అది ప్రాణాల మీదికే వస్తుంది, అప్పటికి కటి ఎముకలు బిగుసుకుపోయి ఉంటాయి.

ఇక కలపడం. పెద్దదాని బోనులోకి పిల్లను వదలొద్దు. రెండింటికీ పరిచయం లేని చోటు కావాలి. మేం హాల్లో పాత దుప్పటి పరిచి, మధ్యలో ఎండుగడ్డి కుప్ప పోసి, కొత్తిమీర, కీర ముక్కలు అక్కడక్కడా చల్లాం. బెల్లం నేరుగా వచ్చి కొబ్బరి వెనకభాగం వాసన చూసింది. గొంతులోంచి గుర్రుమంటూ, నడుము అటూ ఇటూ ఊపుతూ దాని చుట్టూ నెమ్మదిగా తిరిగింది. తర్వాత మీదికెక్కింది. కొబ్బరి ఒకటే కీచులు.

"అమ్మా, చంపేస్తోంది, తీసెయ్!" అంది మా అమ్మాయి.

"ఆగమ్మా. ఎక్కడా కరవలేదు, చూడు. నువ్వే పెద్ద అని కొబ్బరి ఒప్పుకుంటోంది, అంతే."

మనుషులు కంగారుపడి పని చెడగొట్టేది సరిగ్గా ఇక్కడే. తరమడం, మీదికెక్కడం, మూతులు పైకెత్తి ఎవరిది ఎత్తో తేల్చుకోవడం, ఇవన్నీ వాటి మధ్య జరగాల్సిన మాటలు. కీచుమన్న ప్రతిసారీ విడదీస్తే మళ్లీ మొదటికొస్తాయి. రెండూ ఒళ్లు బిగించి ఎదురెదురుగా నిలబడి, ఆపకుండా పళ్లు టకటకలాడిస్తుంటే మాత్రం జాగ్రత్త పడాలి. ఒకదాన్నొకటి కరుచుకుని ఉండలా దొర్లినా, రక్తం కనబడినా వెంటనే విడదీయాలి. వట్టి చేత్తో కాదు, మందపాటి టవల్ వేసి. వాసన కలుస్తుందని రెండింటికీ కలిపి స్నానం చేయించమనే సలహా నాకు బొత్తిగా నచ్చదు. అసలే బెదిరివున్న ప్రాణులు, పైగా చలి పట్టించడం దేనికి?

కొన్ని గంటలు గడిచి, రెండూ ఒకే కుప్పలో గడ్డి తింటూ ఉంటే అప్పుడు బోనులోకి మార్చవచ్చు. దాన్ని ముందే కడిగి, సామాను అటూ ఇటూ మార్చి పెట్టాలి. నీళ్ల సీసాలు రెండు, గూళ్లు రెండు. ప్రతి గూటికీ రెండు దారులుండాలి, లేకపోతే లోపలున్నది మూలన పడి తప్పించుకోలేదు.

ముసలిదాని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్ల ఉన్నచోట ఉండదు, ఎగిరి గంతులేస్తుంది. పెద్దదానికి కీళ్లు సహకరించవు. అది లేచి అవతలికి పోవడానికి చోటుండాలి, మెట్టు ఎక్కే అవసరం లేని గూడు ఒకటి దానికి ఉండాలి. ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోలేదే అని బెంగపడనక్కర్లేదు. జానెడు దూరంలో కాళ్లు చాపుకుని నిద్రపోతే అదీ స్నేహమే. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. 26 డిగ్రీలు దాటితేనే వీటికి కష్టం, ఆ వేడిలో తరుములాట ప్రమాదం.

మొదటి వారం రోజూ, ఆ తర్వాత వారానికోసారి వంటింటి తూకం మీద రెండింటినీ తూచండి. కలిసి తింటున్నప్పుడు ఎవరు ఎంత తిన్నారో కంటికి తెలియదు. పెద్దది 50 గ్రాములు తగ్గినా పట్టించుకోవాలి, ఒక పూట తిండి మానేస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. విటమిన్ సి వీటి ఒంట్లో తయారవదు, కాబట్టి రోజూ క్యాప్సికం ముక్క ఇద్దరికీ విడివిడిగా అందేలా చూడండి.

ఎంత చేసినా కొన్ని జంటలకు పొసగదు. అప్పుడు బోనులు రెండూ పక్కపక్కన పెట్టి మధ్యలో వలకంచె ఉంచితే చాలు. వాసన, పలకరింపు అందుతాయి, ఒంటరితనం కన్నా అది ఎంతో నయం. ఆ రెండో బోనుకు ఇంట్లో చోటు లేదంటే మాత్రం పిల్లను తీసుకురావద్దు.