మందుడి నడక, రెండు సంగీతాలు

ముత్తుస్వామి దీక్షితుల నవగ్రహ కృతులు తెలుగు శ్రోతలకు కొత్తవి కావు. కచేరీలో వినకపోయినా, శనిత్రయోదశి నాడు గుడి మైకులోంచో ఇంట్లో పెట్టిన క్యాసెట్‌లోంచో ‘దివాకర తనుజం’ చాలామంది చెవిన పడే ఉంటుంది. గుస్తావ్ హోల్స్ట్ రాసిన ‘ది ప్లానెట్స్’ సంగతి అలా కాదు. 1914, 1916 మధ్య ఒక ఆంగ్ల స్వరకర్త పెద్ద ఆర్కెస్ట్రా కోసం గ్రహాల మీద కూర్చిన ఏడు ఖండికలవి. అందులో ఐదోది శని. ‘ముసలితనాన్ని తెచ్చేవాడు’ అని దానికి పేరు. ఏడింటిలోనూ హోల్స్ట్‌కు ఎక్కువ ఇష్టమైనది అదే.

నాకు ఈ రెండూ ఇష్టమే. ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని పొగడాలన్న ఆలోచన లేదు. గ్రహాలు మనిషి బతుకును నడుపుతాయా లేదా అన్న వాదంలోకీ వెళ్లను. నన్ను పట్టి లాగేది వేరే. మనిషి తనకు జరుగుతున్నదాన్ని ఒప్పుకోడు. వయసు మళ్లుతోందని, చేసిన అప్పు తీరేది కాదని, తెగిన బంధం అతకదని లోపల తెలిసినా, పైకి తెలియనట్టే తిరుగుతాడు. ఆ మత్తులోంచి మేలుకోవడాన్ని చెప్పుకోవడానికి ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ ఒకే గ్రహాన్ని ఎంచుకున్నారు. ఆ గ్రహానికి స్వరం కట్టిన ఇద్దరూ తమ తమ వాళ్లు తప్పించుకునే దారిని మూసేశారని నా అభిప్రాయం.

ముందు చుట్టరికం. ఇద్దరివీ ఏడే. ఇవాళ నవగ్రహ కృతులంటున్నాం గానీ, సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలో అచ్చువేసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఉన్నవి వారంలో రోజుకొకటి చొప్పున ఏడు. రాహుకేతువుల కృతులు ఆ తర్వాత వెలుగులోకి వచ్చాయి. హోల్స్ట్ భూమిని వదిలేశాడు. ప్లూటోను కనుక్కున్నదే 1930లో. దీక్షితుల ఏడింటిలో సూర్యచంద్రులుంటే, హోల్స్ట్ ఏడింటిలో వాళ్ల బదులు యురేనస్, నెప్ట్యూన్ ఉన్నాయి. తక్కిన ఐదూ ఇద్దరికీ ఉమ్మడి.

పుట్టుకలోనూ పోలిక ఉంది. శిష్యుడు తంబియప్పన్ కడుపునొప్పితో బాధపడుతుంటే, జాతకం చూసి గురుగ్రహం అనుకూలంగా లేదని తెలుసుకొని, దీక్షితులు అఠాణాలో ‘బృహస్పతే’ కట్టి నేర్పారని, తక్కిన గ్రహాల కృతులు ఆ వెనుక వచ్చాయని శిష్యపరంపర చెబుతుంది. అలాగే హోల్స్ట్‌కూ జ్యోతిషం స్నేహం వల్లే అబ్బింది. 1913లో స్పెయిన్ ప్రయాణంలో స్నేహితుడు క్లిఫర్డ్ బాక్స్ దాని గురించి చెప్పాడు. ఆ తర్వాత హోల్స్ట్ అలన్ లియో పుస్తకం చదివాడు, స్నేహితులకు జాతకాలు వేశాడు. ఈ అలన్ లియో దివ్యజ్ఞాన సమాజం మనిషి, ఇండియాకు వచ్చి వెళ్లినవాడు. కర్మ అన్న ఆలోచన ఎక్కువగా ఆ సమాజం దారినే ఆంగ్ల జ్యోతిషంలోకి చేరింది. జోస్యం చెబుతున్నాడన్న నేరం మీద 1917లో లండన్‌లో అతనికి జరిమానా పడింది. తాను చెప్పేది రేపు జరగబోయేది కాదు, మనిషి స్వభావం ఎటు మొగ్గుతుందో మాత్రమేనని అతని వాదన.

హోల్స్ట్ అంతకు చాలాముందే సంస్కృతం నేర్చుకున్నాడు. ఋగ్వేద సూక్తాలను తానే ఇంగ్లీషులోకి తెచ్చుకొని బాణీలు కట్టాడు. 1908లో ‘సావిత్రి’ అనే చిన్న ఆపెరా రాశాడు. యముడు ఎదురుగా వచ్చి నిలబడినా కళ్లు దించుకోని ఆడమనిషి కథ అది. దీక్షితులు శనిని యముడి తోబుట్టువుగానే పాడారు. అంటే ఒక తోబుట్టువుకు స్వరం కట్టిన ఏడేళ్లకు, 1915లో, హోల్స్ట్ రెండోవాడి దగ్గరికి వచ్చాడన్నమాట.

ఇక శాస్త్రం దగ్గర దారులు చీలతాయి. మన సిద్ధాంతులు గోచారంలో శనిని చంద్రుడి నుంచి లెక్కపెడతారు. జన్మరాశికి పన్నెండో ఇంట అడుగుపెట్టింది మొదలు రెండో ఇల్లు దాటేదాకా, రాశికి రెండున్నరేళ్ల చొప్పున ఏడున్నరేళ్లు ఏలినాటి శని. చంద్రుడు మనఃకారకుడు కాబట్టి ఆ బరువు పడేది మనసు మీద. పశ్చిమాన ఈ కాలపు జ్యోతిషులు ఎక్కువగా పట్టించుకునేది అది కాదు. పుట్టినప్పుడు ఉన్న చోటికే శని తిరిగి రావడాన్ని వాళ్లు చూస్తారు. చుట్టు తిరగడానికి శనికి 29 ఏళ్లు దాటి పడుతుంది గనక ఆ ఘట్టం 29, 30 మధ్య ఒకసారి, 58, 59 మధ్య మరోసారి వస్తుంది. ఏలినాటి శని ఒకరికి ఒక ఈడులో, ఇంకొకరికి మరో ఈడులో రావచ్చు. ఒకే ఇంట్లో అన్నకు నడుస్తుంటే తమ్ముడికి నడవకపోవచ్చు. వాళ్ల శని మాత్రం ఒక ఈడువాళ్లందరి తలుపూ ఒక్కసారే తడతాడు. మనది ఎవరికి వారే మోసుకునే కాలం, వాళ్లది తరం మొత్తం కలిసి దాటే గట్టు.

తప్పించుకునే దారులు కూడా దీన్నిబట్టే ఏర్పడ్డాయి. మనవైపు ‘శని పట్టింది’ అన్న ఒక్క మాటతో సంగతి ముగించడం తేలిక. పూచీకత్తు సంతకం పెట్టింది తనే, వద్దన్నవాళ్ల మాట పెడచెవిన పెట్టింది తనే. అయినా నెపం గ్రహం మీదికి పోతుంది. కోనసీమలో మందపల్లి మందేశ్వరుడికి తైలాభిషేకం చేయించి, నువ్వులు దానమిచ్చి వస్తే లెక్క సరిపోయిందనుకుంటాం. శాంతిని నేను చిన్నచూపు చూడను. దిక్కుతోచనివాడికి అది చేతికి ఒక పని ఇస్తుంది, ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెడుతుంది. కానీ నూనె పోసినంత సేపైనా ‘ఇందులో నా పాలు ఎంత’ అని మనల్ని మనం అడగకపోతే ఆ శాంతి నిద్రనే పెంచుతుంది.

వాళ్ల దారి దీనికి తలకిందులు. జ్యోతిషురాలు లిజ్ గ్రీన్ 1976లో శని మీద రాసిన పుస్తకంతో, పాత దయ్యమైన ఈ గ్రహం ఎంతోమంది పాఠకులకు గురువైంది. మనిషి తనలో చూడనని మొండికేసిన భాగమే బయట శనిలా ఎదురవుతుందన్నది ఆమె ఆలోచన. గొప్ప ఆలోచన, అద్దం పట్టినట్టు ఉంటుంది. అయితే ఆ బాటలో నడిచిన తర్వాతివాళ్లలో చాలామంది ప్రతి నష్టాన్నీ ‘ఎదుగుదల’ అనడం అలవాటు చేసుకున్నారు. ఉద్యోగం పోవడం పాఠం, విడాకులు పాఠం, తల్లి చావు కూడా పాఠమే. ఏడవాల్సినదాన్ని ఏడవకుండా పాఠంగా మార్చుకోవడమూ ఒప్పుకోకపోవడమే. మనం నేరాన్ని ఆకాశానికి అంటగడితే, వాళ్లు దుఃఖానికి చదువు పేరు పెట్టారు.

ఇప్పుడు కృతి వినండి. మన ఇళ్లలో శని పేరు ఎత్తడానికే జంకుతారు. అది తిట్టు కింద చెల్లుతోంది. నవగ్రహాల చుట్టూ తిరిగేటప్పుడు ఆ విగ్రహానికి ఎదురుగా నిలబడొద్దని పెద్దలు పిల్లలను పక్కకు లాగుతారు. దీక్షితుల పల్లవిలో భక్తుడు చేసే పని ఒక్కటే: ఆ శనిని విడవకుండా తలచుకోవడం. పక్కకు జరగడు, ఎదురుగా నిలబడతాడు. అనుపల్లవి సగం భయం, సగం అభయం. సంసారంలో మునిగినవాళ్లకు ఈయన క్రూరమైన ఫలమే ఇస్తాడని అందులో ఉంది. శివుడి కటాక్షానికి నోచుకున్న భక్తులకు మేలు చేస్తాడనీ ఉంది. స్తోత్రం కదా అని మొదటి మాటను మెత్తబరచలేదు, దాచలేదు.

చరణంలో కాటుక నలుపు, కాకి వాహనం, నీలి బట్టలు, నువ్వుల అన్నం, దీపం, ఆపైన దయ వస్తాయి. అంతదాకా మందంగా సాగిన పాట మధ్యమకాలంలోకి మళ్లే చోట దీక్షితులు పెట్టిన సంగతి చూడండి: యముడి దండం దెబ్బకు శని మోకాలు దెబ్బతిన్నది. అందరినీ కుంటుపరిచేవాడే కుంటివాడు. ఆయన మందగమనం మన మీద పగతో కాదు, ఆయన నొప్పితో. సాహిత్యం ఇక్కడికి వచ్చినప్పుడల్లా భయం ఒక మెట్టు దిగి జాలిని అందుకుంటుంది. రాగం యదుకులకాంభోజి, ‘సంప్రదాయ ప్రదర్శిని’లో దీని పేరు ఎరుకలకాంభోజి. పరుగు తెలియని రాగం. ఇందులో నాకు ఏడుపు కంటే ఓదార్పు ఎక్కువ వినిపిస్తుంది. చతురశ్ర ఏకతాళంలో నాలుగే నాలుగు అక్షరాల మీద అది బరువుగా అడుగులు వేస్తుంది.

హోల్స్ట్ శనికి మాటలు లేవు, మొక్కేవాళ్లు లేరు. వేణువులు, హార్ప్‌లు రెండు స్వరసముదాయాలను మార్చి మార్చి వాయిస్తుంటాయి, ఎవరూ వినని గదిలో గోడగడియారంలా. కింద డబుల్ బాస్‌లు ఒక చిన్న పలుకును అడుగునుంచి నెమ్మదిగా పైకి నెడతాయి. ఎవరో వస్తున్నారని తెలుస్తుంది. ట్రాంబోన్లు ఊరేగింపులా నడక అందుకుంటాయి. నడక దగ్గరవుతుంది, వాద్యాలు ఒక్కొక్కటే చేరతాయి, చివరికి గంటలు మోగుతూ ఆర్కెస్ట్రా మొత్తం హడలిపోతుంది. ఒప్పుకోకపోవడం చెవికి వినపడితే ఇలాగే ఉంటుంది. పారిపోతున్నవాడు తలుపులన్నీ మూసుకుంటున్న చప్పుడు అది. తర్వాత ఏ విజయమూ రాదు. ఆ హోరు దానంతటదే అణగిపోతుంది. హార్ప్‌లు, తీగవాద్యాలు మెల్లగా మొదటి నడకనే మళ్లీ ఎత్తుకుంటాయి. కానీ ఇప్పుడది బెదిరింపుగా వినపడదు. వచ్చినవాడు మారలేదు, వినేవాడు మారాడు.

ఇది రాసిన 1915ను మరిచిపోకూడదు. యుద్ధం నడుస్తోంది. హోల్స్ట్ సైన్యంలో చేరబోతే చూపు, చేతి నరాల జబ్బు చూసి పనికిరావన్నారు. స్నేహితుడు వాన్ విలియమ్స్ వెళ్లాడు. నలభయ్యేళ్ల హోల్స్ట్ హామర్‌స్మిత్‌లో ఆడపిల్లల బడిలో సంగీతం చెబుతూ, అక్కడి శబ్దం చొరబడని గదిలో రాసుకున్నాడు. కుడిచెయ్యి సహకరించక, పెద్ద ఆర్కెస్ట్రా ప్రతిని రాయడానికి సాటి ఉపాధ్యాయినుల సాయం తీసుకున్నాడు. ఎందరో కుర్రవాళ్లకు ముసలితనమే దక్కని ఏడాదిలో ఆయన ముసలితనాన్ని తెచ్చేవాడి మీద రాశాడు. ఆ చివరి నెమ్మదిలో తృప్తి కంటే కృతజ్ఞత ఎక్కువగా ఉందని నాకనిపించేది అందుకే.

తేడా రూపంలోనే ఉంది. హోల్స్ట్ శని ఒకవైపే సాగుతుంది. భయం, హడలు, అంగీకారం అన్న వరసలో ఒక్కసారే దాటిస్తుంది, వెనక్కి తీసుకురాదు. దీక్షితుల కృతిలో అంగీకారం పల్లవిలోనే అయిపోయింది. గాయకుడు అనుపల్లవి నుంచీ చరణం నుంచీ మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తాడు. ఒకసారి మేలుకుంటే చాలదని, రోజూ మేలుకోవాలని ఆ తిరుగుడు చెబుతుంది. హోల్స్ట్ కొట్టుకులాటను చూపిస్తాడు గానీ మర్నాడు ఏం చేయాలో చెప్పడు. దీక్షితులు మర్నాటికి పాట ఇస్తారు గానీ, ఆ పల్లవి దాకా రావడానికి మనిషి ఎంత గింజుకున్నాడో చూపరు.

దీన్ని తూర్పు, పడమరల తేడాగా తేల్చేస్తే తప్పు. ఆ గింజుకోవడం మన కథల్లో ఉంది. కారైకాల్ దగ్గర తిరునళ్ళారులో, నలుణ్ని శని వదిలిన చోటు ఇదేనని చెప్పి భక్తులు నలతీర్థంలో మునుగుతారు. భారతంలో మాత్రం అతణ్ని పట్టినవాడు కలి. శ్రీనాథుడి నైషధం పెళ్లి వైభవం దాకానే కాబట్టి మనకు నలుడంటే హంస, స్వయంవరమే ముందు గుర్తొస్తాయి. పతనం కోసం నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగానికి వెళ్లాలి. జూదంలో రాజ్యం పోయింది. అడవిలో నిద్రపోతున్న దమయంతిని నలుడు వదిలేశాడు. కర్కోటకుడి కాటుతో రూపం పోయి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడనే రాజు దగ్గర సారథిగా కుదిరాడు. ఒక ప్రయాణంలో ఆ రాజు ఒక తాండ్రచెట్టుకున్న ఆకులూ కాయలూ ఎన్నో చూసీచూడగానే చెప్పాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి తానే లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయింది. తనను ముంచిన పాచికల మర్మాన్ని ఆ రాజు దగ్గర నేర్చుకున్నాడు, కలి అతణ్ని వదిలాడు. ఏ దానమూ, ఏ స్నానమూ కాదు. ఏ విద్య రాక చెడ్డాడో ఆ విద్యను కళ్లెదుట పెట్టుకొని నేర్చుకోవడం విడుదలయింది. హోల్స్ట్ ఖండికకు మన సాహిత్యంలో తోడు వెతికితే నేను చూపేది ఈ ఘట్టాన్నే.

భయానికి ఇంకా పేరు పెట్టుకోలేనివాడికి హోల్స్ట్ దగ్గరవాడు. పేరు తెలిసి, దానితో బతకాల్సినవాడికి దీక్షితులు దగ్గర. ఒకే మనిషికి ఒక జీవితంలో ఇద్దరూ అవసరమవుతారు. హోల్స్ట్ ఖండిక తొమ్మిది నిమిషాలకు అటూ ఇటూ ఉంటుంది. విననివాళ్లు ఒకసారి కూర్చొని వినండి. పాడేవాళ్లకు ఒక విన్నపం: ‘దివాకర తనుజం’ను శనివారం మొక్కుగా చకచకా ముగించకండి. విలంబంలో, దాని నడకకు తగ్గ నిదానంతో, ఆ దెబ్బతిన్న మోకాలి దగ్గర కాస్త నిలిచి పాడండి.