నడకదారి లేని పారిశ్రామిక రహదారి: పటాన్‌చెరు – సంగారెడ్డి రవాణా ప్రణాళికపై విమర్శ

వ్యాససంగ్రహం:
ప్రయాణాన్ని మనుషుల పరంగా కాక వాహనాల పరంగా లెక్కించే ప్రణాళికాదృష్టిని ఈ వ్యాసం విమర్శిస్తుంది. బాహ్యవలయ రహదారి పక్కనున్న సైకిల్ బాట, మెట్రో విస్తరణ ప్రతిపాదన, మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం అనే మూడింటినీ కార్మికుల రోజువారీ అవసరమనే కొలమానంతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాలిబాట, సైకిల్, ప్రజారవాణా, పటాన్‌చెరు, కొండాపూర్.

1. ప్రవేశిక:
హైదరాబాదుకు పడమట కొండాపూర్ పేరుతో రెండు చోట్లున్నాయి. ఒకటి శేరిలింగంపల్లి పరిధిలో ఐటీ సంస్థల చెంత పెరిగిన ప్రాంతం. రెండవది సంగారెడ్డి జిల్లాలోని మండలకేంద్రం; 1940 దశకపు తొలినాళ్లలో జరిగిన తవ్వకాల్లో శాతవాహనకాలపు నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడిన చోటు. ఈ రెంటి నడుమ 65వ నంబరు జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., 1972లో ఏర్పడిన ఇక్రిశాట్, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు, కంది ఐఐటీ విస్తరించాయి. ముంబయి వైపు సాగే దూరప్రయాణానికి ఇది రహదారి. ఇరువైపులా బతికేవారికి ఇదే వీధి, ఇదే సంత, ఇదే షిఫ్టుకు వెళ్లే దారి. ఒకే స్థలానికి ఉన్న ఈ రెండు ధర్మాలలో మొదటిదానినే ప్రణాళిక గుర్తించడం అసలు సమస్య.

2. నియమం – ఆచరణ:
లోపం నియమాలలో లేదు. రోడ్డు స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. కాలిబాటకు అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో నిర్దేశించింది. పాదచారికి కాలిబాటపై ఉన్న హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో పేర్కొంది. అయినా రహదారి విస్తరణ అంటే వాహనాల వరుసలు పెరగడమనే అర్థమే స్థిరపడింది. వరుస పెరిగిన ప్రతిసారీ రోడ్డు దాటవలసిన దూరమూ పెరుగుతుంది. ఆ దూరాన్ని కాలినడకన దాటేవారు ఈ లెక్కలో కనబడరు.

3. సైకిల్ బాట – ఒక పరిశీలన:
2023 అక్టోబరు 1న బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిల్ బాట ప్రారంభమైంది. సౌరఫలకాలే పైకప్పుగా అమర్చడం వల్ల నీడా, విద్యుత్తూ రెండూ దక్కుతాయి. ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతంలో ఇది మెచ్చదగిన ఆలోచన. అయితే దానికి పెట్టిన ‘హెల్త్‌వే’ అన్న పేరే దాని ఉద్దేశాన్ని వెల్లడిస్తుంది: అక్కడ సైకిల్ వ్యాయామ సాధనం, జీవనోపాధి వాహనం కాదు. ఒక శాఖ నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వరకు, మరొకటి నార్సింగి నుంచి కొల్లూరు వరకు సాగుతాయి. సంగారెడ్డి జిల్లాలో అడుగుపెట్టిన ఆ బాట పటాన్‌చెరు పారిశ్రామికవాడను చేరకముందే ఆగిపోతుంది. సైకిల్‌ను ఎంచుకోగలిగినవారికి నీడ దొరికింది. సైకిల్ తప్ప గతిలేనివారికి లారీల పక్కన అంచు మిగిలింది.

4. మెట్రో, బస్సు:
2017 నవంబరులో మియాపూర్ నుంచి మొదలైన మెట్రోను పటాన్‌చెరు వరకు 13.4 కిలోమీటర్లు పొడిగించే ప్రతిపాదన రెండో దశలో ఉంది. అది అవసరమే. కాని ఎత్తైన స్టేషను మెట్లు దిగిన మనిషి పరిశ్రమ గేటు దాకా ఎలా చేరాలన్నది స్టేషను రూపకల్పనలో భాగం కాకపోతే, ఆ ఖాళీని షేర్ ఆటోయో సొంత బండియో నింపుతుంది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం మహిళలకు బస్సు ఛార్జీ భారాన్ని తొలగించింది. రాత్రి షిఫ్టు ముగించిన స్త్రీకి ఛార్జీ ఒక్కటే అడ్డంకి కాదు. వెలుతురు లేని స్టాపు, దానికి చేరే దారి కూడా అడ్డంకులే.

5. అభ్యంతరాలు:
దూరాలు ఎక్కువ, ఎండ ఎక్కువ, సరకు లారీలు తప్పనిసరి అన్నవి వినవచ్చే అభ్యంతరాలు. వీటిలో నిజముంది. కొండాపూర్ మండలం నుంచి పటాన్‌చెరుకు నడిచి రమ్మని ఎవరూ అనరు. కాని ప్రతి బస్సు ప్రయాణం నడకతో మొదలై నడకతో ముగుస్తుంది. సరకు రవాణా అవసరం వేగపు వరుసలను సమర్థించగలదేమో గాని, కాలిబాట లేకపోవడాన్ని సమర్థించలేదు. కొలంబియా రాజధాని బొగోటా సంపన్న నగరం కాకపోయినా 2000 నాటికి కాలిబాటలు, సైకిల్ దారులు, ప్రత్యేక బస్సు మార్గాలను ఒకే పథకంలో జోడించింది. పటాన్‌చెరులో విడివిడిగా ఉన్నవి అక్కడ కలిశాయి.

6. ముగింపు:
పై మూడు ప్రయత్నాలూ మంచివే. వాటిని కలిపే కొన్ని వందల మీటర్ల నడకదారి లేకపోవడమే లోపం. షిఫ్టు వేళలకు తగిన బస్సులు, నేలమట్టంలో సిగ్నలుతో దాటే చోట్లు, కొల్లూరు నుంచి పారిశ్రామికవాడ దాకా సైకిల్ బాట పొడిగింపు – ఇవి భారీ వంతెనలకన్నా చిన్న పనులు. ఈ రహదారి ఎంత వేగంగా సాగుతుందన్నది ఇప్పటికే కొలుస్తున్నారు. ఒక కార్మికురాలు దాన్ని ఎంత క్షేమంగా దాటగలదన్నది కూడా కొలిచిననాడే ఆ ప్రణాళిక ఇక్కడి మనుషులది అవుతుంది.