తెల్లదొరతనము, నల్లదొరతనము: వర్ణభేదమును గూర్చిన తెలుగు కవిత్వము

వర్ణభేదమును నిరసించు కవిత్వము కవిత్వమే కాదు, అది ప్రచారమాత్రమని మన పండితులలో నొక వాదము చిరకాలముగా గలదు. ఈ వాదము సభలలో బాహాటముగా వినబడుట తగ్గినను, పాఠశాలలలో నేటికిని క్రియారూపమున నిలిచియున్నది. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందు తెలుగు చెప్పినవాడనగుటచే ఆ క్రియారూపమును నేనెఱుగుదును. అందు నా పాలును గలదు. వేమన, గరిమెళ్ల సత్యనారాయణ, కుసుమ ధర్మన్న, జాషువ అను నలుగురి కృతులను ముందిడుకొని, ఈ వాదమెంతవఱకు నిలుచునో పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట శబ్దవిచారము. 'వర్ణ'శబ్దమునకు రంగనియు, అక్షరమనియు, బ్రాహ్మణాదివిభాగమనియు నర్థములు గలవు. 'జాతి'శబ్దము పుట్టుకను దెలుపు ధాతువునుండి వచ్చినది. 'కుల'మనగా వంశము, సమూహము, ఇల్లు. జనుల నోట నీ మాటలు కలగలిసిపోలేదు. ధర్మవరము మగ్గమువద్ద పట్టునూలునకు రంగందురే గాని వర్ణమనరు. పెండ్లిమాటలలో కులమందురే గాని వర్ణమనరు. వర్ణము పండితుల మాట. దక్షిణాఫ్రికాదేశమున 1948లో మొదలై 1994 వఱకు సాగిన శ్వేతజాతి పాలకుల నీతిని మన పత్రికలు 'వర్ణవివక్ష' యని తెలిగించినవి. చర్మపు రంగునుబట్టి మనుష్యుని వేఱుచేయు పరదేశపు దురాచారమునకు మనము పేరు వెదకగా, అది మన ధర్మశాస్త్రములలోనే సిద్ధముగా దొరకినది. రంగునుబట్టిన భేదమును కులమునుబట్టిన భేదమును ఒక్కటే యని నేననను. కులభేదమునకు చర్మము గుర్తుకాదు. ఒక్క రంగువారే యొకరినొకరు అంటకుందురు. కాని రెండు చోట్లను పుట్టుకయే తీర్పు. రెండు చోట్లను విద్య గాని గుణము గాని ఆ తీర్పును మార్పజాలదు. ఈ సామ్యమువలననే ఆ యనువాదము చదువరులకు వివరణ లేకయే బోధపడినది.

'పంచమ'శబ్దము మఱియు విచిత్రము. మనుస్మృతి దశమాధ్యాయమున అయిదవ వర్ణము లేదని స్పష్టముగా జెప్పబడియుండగా, అయిదవవారను పేరు లోకవ్యవహారమున నిలిచినది. 1917లో బెజవాడలో పంచమసభగా దలపెట్టబడిన మహాసభ, భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను, ఆదిఆంధ్రమహాజనసభ యని పేరు మార్చుకొనెను. శబ్దవిచారము మన సొత్తని మనమనుకొనుచుండగా, శాస్త్రమునకు విరుద్ధమైన యొక శబ్దమును ఆ సభవారు శాస్త్రజ్ఞులకంటె ముందుగా త్రోసివైచిరి.

ఇక కవుల మాట. మన ప్రాంతమున ఈ విచారము వేమనతో మొదలుపెట్టుట సహజము. ఆయన సమాధి యున్నదని చెప్పబడు కటారుపల్లె కదిరిప్రాంతములోనిది. 2022లో నేర్పడిన జిల్లాలో అదియు, పైని జెప్పిన మూడు పట్టణములును ఒక్కచోటనే చేరినవి. బ్రౌనుదొర వేమన పద్యములను తాళపత్రములనుండి సేకరించి 1829లోను, పెంచి 1839లోను ప్రకటించెను. అంతకు పూర్వమును తరువాతను గూడ లాక్షణికులు వేమనను కావ్యకవుల పంక్తిలో కూర్చుండనీయలేదు. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురమున నిచ్చిన యుపన్యాసములు గ్రంథరూపమున వెలువడినపిమ్మట గాని, పండితులు వేమనను విమర్శకు దగినవానినిగా నెంచలేదు. పంక్తిభేదమును నిందించిన కవికే పంక్తిభేదము తప్పలేదన్నమాట.

వేమన కులమును నిరసించు పద్యములలో గమనింపదగిన గుణమొకటి గలదు. ఆయన దయను యాచింపడు, తర్కించును. పుట్టుకలో గాని, దేహములో గాని, చావులో గాని భేదమెక్కడ నున్నదో చూపుమని యడుగును. అందలి యుపమానములు వంటయింటివి, పొలములోనివి, వీథిలోనివి. కావుననే వానిని ఖండించుటకు శాస్త్రపాండిత్యము చాలదు. నేనొక పాఠశాలలో పెక్కేండ్లు వేమన పద్యములను బోధించితిని. నీతిపద్యములను వల్లెవేయించితిని, ఉప్పుకర్పూరముల సామ్యమును విస్తరించి చెప్పితిని. కులమును గూర్చిన పద్యములు వచ్చినపుడు 'ఇవి సులభములు, మీరే చదువుకొనుడు' అని దాటిపోవుచుంటిని. ఒకనాడు వెనుకబల్లపై నుండు బాలుడొకడు లేచి, 'అయ్యా, సులభములైనవి పరీక్షలో నడుగరా?' యని ప్రశ్నించెను. వాడు పరీక్షను గూర్చియే యడిగెనో, నన్ను గూర్చి యడిగెనో నేటికిని నాకు తెలియదు. నేను బదులు చెప్పలేదు. ఆ మౌనము నా బోధనలో నొక భాగమే యయ్యెనని యిప్పుడు తోచుచున్నది.

సహాయనిరాకరణోద్యమదినములలో గరిమెళ్ల సత్యనారాయణగారి 'మాకొద్దీ తెల్లదొరతనము' అను పాట తెలుగుదేశమంతట మ్రోగెను; కవి కారాగారమున కేగెను. ఆ కాలముననే, 1921లో, రాజమహేంద్రవరమునకు జెందిన కుసుమ ధర్మన్నగారు 'మాకొద్దీ నల్లదొరతనము' అని వ్రాసిరి. పల్లవిలో మారినది విశేషణ మొక్కటియే. తార్కికులు దీనిని ప్రతిబంది యందురు. అనగా ప్రతిపక్షి యంగీకరించిన న్యాయముననే వానిని బంధించుట. పరజాతివాడు మనలను హీనులుగా జూచుట యన్యాయమని నీవొప్పుకొంటివా? అట్లయిన స్వజాతివాడవైన నీవు నన్ను హీనునిగా జూచుట న్యాయమెట్లగును? ఈ ప్రశ్నకు నడిమి సమాధానము లేదు. రెండును అన్యాయములనవలెను, లేదా రెండును న్యాయములనవలెను. ఒక్క విశేషణమును మార్చి యింత తర్కమును నడపిన పల్లవి మన భాషలో అరుదు. ఈ పాటలు ప్రబంధములు కావు; గుంపులో పాడుకొనుటకు పుట్టినవి. పాటకు పాట లక్షణముతోడనే విలువ గట్టవలెను గాని ప్రబంధలక్షణముతో గాదు.

ధర్మన్నగారి తర్కమునకు సముద్రమున కావల నొక నిదర్శనము గలదు. 1860 మొదలు 1911 వఱకు నేటాలుదేశమునకు చెఱకుతోటల పనికై చెన్నపట్టణపు రేవునుండి యొడంబడికలపై పోయినవారిలో తెలుగువారు పెక్కురు. అచ్చటి శ్వేతజనులు వారి కులగోత్రములను విచారింపలేదు. అందఱను 'కూలి' యనియే పిలిచిరి. 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గు రైలుస్థానమున మొదటితరగతి పెట్టెనుండి దింపబడిన గాంధిమహాశయుడు న్యాయవాది. అయినను వారికి ఆయనయు కూలిబారిస్టరే. ఇంట నితరులను దూరముంచినవాడు అచ్చట తానును దూరముంచబడెను. ఆ యనుభవమునుండి అందఱును ఒక్క పాఠమునే నేర్చుకొని రాలేదు. ఈ శతాబ్దమునను అంతే. 2017లో అమెరికా దేశమున, కాన్సస్ రాష్ట్రపు ఒలాతే నగరమున, తెలుగు ఇంజనీరొకడు జాతిద్వేషమునకు బలియయ్యెను, మనమందఱము దుఃఖించితిమి. ఆ దేశముననే 2023లో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించుచు శాసనము చేయవలసివచ్చెను. తెల్లదొరతనమును గూర్చి యేడ్చుటయు, నల్లదొరతనమును మూటగట్టుకొనిపోవుటయు నొక్క ఓడలోనే, ఒక్క విమానములోనే సాగినవి.

ఇప్పుడు జాషువగారి 'గబ్బిలము'. 1941లో వెలువడిన యీ కావ్యమునకు మేఘసందేశము మాతృక. వినుకొండలో 1895లో జన్మించి, తెలుగుపండితుడై జీవించి, సభలలో కులమునుబట్టి యవమానములు పొందిన కవి దీనికి కర్త. అరుంధతీసుతుడైన నాయకుడు తన పూరిపాకకు వచ్చిన గబ్బిలముద్వారా కాశీనాథునకు విన్నపమంపును. గుడిలోనికి తనకు ప్రవేశము లేదు, గబ్బిలమునకు గలదు. ఈ యొక్క కల్పనతో కావ్యమంతయు నిలిచినది.

మాతృకతో పోల్చిచూచినచో జాషువగారి ఔచిత్యదృష్టి తెల్లమగును. యక్షుడు కర్తవ్యమున ప్రమత్తుడై శాపము పొందెను. ఆ శాపమునకు సంవత్సరము గడువు. అందు నాలుగు మాసములే మిగిలినవి. గబ్బిలములోని నాయకునకు అపరాధము లేదు, శాపమిచ్చినవాడు లేడు, గడువును లేదు. అందువలన మేఘసందేశము విప్రలంభమైనది, ఇది కరుణమైనది. తిరిగి కలయుదునను ఆశ యున్నచోట విప్రలంభము, ఆ యాశ తెగినచోట కరుణమని గదా మన యాలంకారికుల మతము. మేఘము లోకోపకారి, శుభసూచకము. గబ్బిలమో యింట దూరిన నశుభమందురు; అది పక్షులలోను చేరదు, మృగములలోను చేరదు. వర్ణములలో చేరనివానికి గణములలో చేరనిదియే దూతయగుట యుచితము. తలక్రిందుగా వ్రేలాడు ప్రాణి దేవుని కడ నుండవచ్చుననియు, నిలువుగా నడచు మనుజుడు రాదనియు లోకము విధించినపుడు, తలక్రిందైనది యేదియో కవి వేఱుగా చెప్పనక్కఱలేదు.

దోషములు లేవని నేననను. మార్గవర్ణనమున చరిత్రస్థలముల ప్రశంస విస్తరించి, మూలవేదనను కొంతసేపు మఱపించును. చదువరి నాయకుని మఱచి దేశవైభవమున తేలిపోవును. దీనికి సమాధానముగా నొకటి చెప్పవచ్చును: తన్ను గడపలోనికి రానీయని దేశము తనదియే యని యతడు పట్టువిడువకున్నాడు, ఆ ప్రశంస యతని హక్కుపత్రము. ఈ సమాధానము కొన్ని పద్యములకు సరిపోవును గాని అన్నిటికిని సరిపోదు. మన పెనుకొండ యనగానే పుట్టపర్తి నారాయణాచార్యులవారి 'పెనుగొండలక్ష్మి' స్ఫురించును. శిథిలమైన వైభవమును గూర్చి శోకించుట మన కవులకు పరిచితమైన మార్గమే. శిథిలము కావలసియు కాక నిలిచియున్న దానిని గూర్చి శోకించుట జాషువగారి విశేషము. ఆ విశేషమున్నంతమేర కావ్యము బిగువుగా సాగినది.

ఇక పూర్వపక్షమునకు వత్తము. ఒక వర్గపు బాధను జెప్పు కృతి సర్వజనానుభవయోగ్యము కాదు గావున అందు రసము లేదందురు. సాధారణీకరణమను సిద్ధాంతము దేనికై పుట్టినది? మనము యక్షులము కాము, అలకాపురిని చూచినవారమును కాము; అయినను యక్షునికై కన్నీరు విడిచెదము. యక్షుని దుఃఖము మనదియైనపుడు, మన యూరి వెలుపలి పాకలోని వాని దుఃఖము మనది కాకపోవుట కావ్యదోషమా, సహృదయుని దోషమా? కావ్యానుశీలనముచే నిర్మలమైన మనోదర్పణము గలవాడు సహృదయుడని అభినవగుప్తపాదులు చెప్పిరి. వర్ణభేదము అద్దముపై పొగవలె పట్టునేని, దానివలన పీడితునకు కలుగు హాని వేఱు, పీడించువానికి కలుగు హాని వేఱు. మొదటివానికి నీరు, గుడి, గౌరవము దూరమగును. రెండవవానికి రసము దూరమగును. పండితుడు తన నష్టమును లెక్కింపలేదు.

ప్రచారమను మాటకును సమాధానము గలదు. క్రౌంచమును కొట్టిన వేటకానిని జూచి వాల్మీకి పలికిన మాట నింద. నిందతో నాదికావ్యము మొదలైనది. అన్యాయమును నిందించుటయే ప్రచారమైనచో ఆదికవియు ప్రచారకుడే. అయితే ఆ శ్లోకమున సంబోధింపబడినవాడు నిషాదుడని గూడ మఱువరాదు. వేటాడిన రాజులు పెక్కురుండగా, ఆదికవి శాపము తగిలినది అడవివానికి. జాషువగారి కావ్యమున నింద దిక్కుమార్చినది. అడవివాని స్థానమునుండి నగరమువైపు సాగినది. ఇంత మార్పు వచ్చినపుడు చెవులకు కటువుగా తోచుట సహజమే.

తరువాతికాలమువారు జాషువగారిని మఱియొకవైపునుండి విమర్శించిరి. 1985లో కారంచేడులోను, 1991లో చుండూరులోను జరిగిన హత్యలపిమ్మట వెలువడిన దళితకవిత్వము దేవునకు విన్నపము లంపుటయేల యని ప్రశ్నించెను, వృత్తములను విడిచెను. అనంతపురమున చిరకాలము ఆచార్యులుగా నున్న కొలకలూరి ఇనాక్ గారు 'ఊరబావి' కథలో దేవాలయమును విడిచి బావిని చేకొనిరి. వానలు మిక్కిలి తక్కువైన మన సీమలో బావి యనగా నేమో చెప్పనక్కఱలేదు. విన్నపమునుండి హక్కునకు, గుడినుండి నీటికి సాగిన యీ మార్గమును గుర్తించినచో, జాషువగారిని త్రోసిపుచ్చక, ఆయన నిలిచిన మెట్టు నెఱిగినవారమగుదుము.

1950లో రాజ్యాంగపు పదునేడవ యధికరణము అంటరానితనమును రద్దుచేసినది. శాసనము వీథివఱకు వచ్చును. మనస్సులోనికి పోవుటకు దానికి దూత కావలెను. నేటికిని పట్టణములలో నిల్లు అద్దెకడుగువానిని 'మీరేమిటివారు?' అని యడుగువారు గలరు. అట్లడుగువారిలో మనకడ వేమన పద్యములు వల్లించినవారును గలరు. వల్లింపజేసినది మనమే, దాటవేసినదియు మనమే.

కావున పండితమిత్రులకు నా విన్నపమొకటి. మేఘసందేశమును జెప్పు తరగతిలో గబ్బిలమును దానిప్రక్కనే జెప్పుడు. తెల్లదొరతనపు పాట వచ్చినచోట నల్లదొరతనపు పాటను గూడ వినిపింపుడు. వేమన పద్యములలో సులభములని దాటవేసిన వానిని తిరిగి చూడుడు. అవి సులభములు కావు. వెనుకబల్లపైని బాలుడడిగినపుడు బదులు చెప్పగల్గునంత చదివినపిమ్మటనే వానిని సులభములనుడు.