క్రయపత్రాల్లో దొరికిన వ్యుత్పత్తి

ఇంగ్లీషు ‘స్లేవ్’కూ తూర్పు ఐరోపా స్లావ్ జాతుల పేరుకూ చుట్టరికం ఉందని చాలామంది వినే ఉంటారు. దాన్ని నిలబెట్టిన పనితనం ఎక్కువగా బెల్జియం చరిత్రకారుడు షార్ల్ వెర్లిండెన్ (1907–1996)ది. 1940ల తొలినాళ్లలో లాటిన్ ‘స్క్లావుస్’ మీద ఆయన రాసిన వ్యాసమూ, మధ్యయుగ ఐరోపా బానిసత్వంపై 1955లో, 1977లో తెచ్చిన రెండు లావుపాటి సంపుటాలూ చూస్తే, పాత చిట్టాలు తిరగేస్తున్న ఊరి కరణం గుర్తొస్తాడు.

వ్యుత్పత్తి చెప్పేవాళ్లు మామూలుగా ధ్వనులతో మొదలుపెడతారు. ఈయన దస్తావేజులతో మొదలుపెట్టాడు. రోమన్లకు బానిస అంటే ‘సెర్వుస్’. రానురాను ఆ మాట భూమికి కట్టుబడ్డ పాలేరుకు స్థిరపడిపోయింది. అంగట్లో అమ్ముడుపోయే మనిషికి వేరే మాట కావలసివచ్చింది. స్లావులను పట్టి అమ్ముతున్న పదో శతాబ్దపు జర్మనీలో వాళ్ల లాటిన్ పేరు ‘స్క్లావుస్’ ఆ పనికి వచ్చింది. అక్కడ ఆ వాడుక అణగిపోయి, పదమూడో శతాబ్దంలో జెనోవా, వెనిస్ నోటరీల కలాల్లో మళ్లీ తలెత్తింది. నల్లసముద్రపు రేవుల నుంచి ఓడల్లో మనుషులను తెచ్చి అమ్మే కాలమది.

ఆ క్రయపత్రాల్లో పేరు, వయసు, జాతి, ధర ఉంటాయి. వెర్లిండెన్ చూపు జాతి దగ్గర ఆగింది. ‘తాతారు సంతతి స్క్లావా’ అని నోటరీ రాశాడంటే ఆమె స్లావ్ కాదు. జాతిని విడిగా చెప్పాల్సి వచ్చిందంటే, ఆ మాటలోంచి జాతి అప్పటికే జారిపోయి బానిస అన్న అర్థమే మిగిలిందన్నమాట. ఇంత చిన్న ఆనవాలు మీద ఇంత గట్టి వాదన కట్టినవాళ్లు అరుదు. (అదే వెనిస్‌లో ‘మీ బానిసను’ అనే మర్యాదమాట అరిగి అరిగి ఇటాలియన్ల ‘చావ్’ అయింది.)

ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. చచ్చిన శత్రువు ఒంటిమీది ఆయుధాలు ఒలుచుకోవడాన్ని చెప్పే గ్రీకు క్రియలోంచి ఈ మాట పుట్టిందని 1970లో కోర్ట్ అనే జర్మన్ పండితుడు వాదించాడు. తెలివైన ఊహే. కానీ నాకు ఊహ కన్నా పత్రం మీదే నమ్మకం. పెద్ద నిఘంటువులు కూడా ఎక్కువగా స్లావ్ వైపే మొగ్గుతాయి.

ఈ వ్యుత్పత్తిని తలకిందులు చేసి, స్లావులు పుట్టుబానిసలు కాబట్టే ఆ పేరొచ్చిందన్న జాత్యహంకారులకు కొదవలేదు. నిజానికి స్లావ్ అన్నది ఆ జనం తమకు తాము పెట్టుకున్న పేరు. ‘మాట’ అనే పదంతో దానికి సంబంధం ఉందని ఒక బలమైన వాదం. పేరు వాళ్లది, దానికి బానిస అర్థం అంటగట్టింది వాళ్లను పట్టి అమ్మినవాళ్లు.

ఇక యంత్రాల లోకం ‘మాస్టర్–స్లేవ్’ జంటను గడియారాలకూ హార్డ్ డిస్కులకూ తగిలించింది. 2018లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నిర్వాహకులు తమ పత్రాల్లోంచి దాన్ని చాలావరకు తీసేస్తే అతి చేస్తున్నారని కొందరు విసుక్కున్నారు. నాకైతే అందులో అతి కనిపించదు. ఒక డిస్కు ఇంకో డిస్కు చెప్పినట్టు నడుచుకుంటుందని చెప్పడానికి ఆ నోటరీల మాటే అక్కర్లేదు.